జేబులో రెండు కార్డులు, నోట్లో విజిల్: కొత్త రెఫరీలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫిఫా బ్యాడ్జి ఉన్న ఫుట్‌బాల్ రెఫరీని కాను. వారంలో ఆరు రోజులు విజయనగరంలో ఒక ఆఫీసులో ఫైళ్ల మధ్య కూర్చుని, ఏడో రోజు నల్ల నిక్కరు, పొడుగు మేజోళ్లు వేసుకుని మైదానంలోకి దిగే మనిషిని. మా జిల్లాలోనూ, పక్కనున్న శ్రీకాకుళం జిల్లాలోనూ కొత్తగా విజిల్ పట్టుకున్న కుర్రాళ్లు, పీఈటీ మాస్టార్లు, ఆడటం మానేసిన పాత ఆటగాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ కూర్చాను. ఆఫ్‌సైడ్ గురించి అడిగేవాళ్లు తక్కువ. శనివారం రాత్రి వాళ్లకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటే: మాట వినని ఆటగాణ్ణి ఏం చేయాలి?

నిబంధనలన్నీ కంఠతా వస్తే సరిపోతుందా?

సరిపోదు. రాకపోతే మాత్రం అసలు కుదరదు. ఫుట్‌బాల్‌కు ఉన్న నిబంధనలు 17. రెఫరీ అధికారం గురించి చెప్పేది 5వది, ఫౌళ్లూ దుష్ప్రవర్తనా గురించి చెప్పేది 12వది. ఈ పన్నెండోదాన్ని ఎన్నిసార్లు చదివినా తక్కువే. అందులో మూడు మెట్లున్నాయి. ఆటగాడు చూసుకోకుండా తగిలితే అది అజాగ్రత్త; ఫ్రీ కిక్ ఇస్తే చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి దెబ్బ తగులుతుందన్న స్పృహ లేకుండా దూకితే అది దుడుకుతనం, పసుపు కార్డు, అంటే పేరు రాసుకునే హెచ్చరిక. అవసరానికి మించిన బలంతో, అవతలివాడి కాలు ఏమైపోయినా సరే అన్నట్టు మీద పడితే ఎర్ర కార్డు, అంటే ఇక మైదానం బయటికే.

ఈ మూడింటినీ విడదీయడానికి మనకు దొరికేది అర సెకను. ఆ అర సెకనులో నేను బంతిని వదిలేసి పాదాన్ని చూస్తాను. అరికాలు పైకి లేచి ఉందా? మోకాలు బిగిసి ఉందా? ఎంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చాడు? బూటు తగిలింది మడమ దగ్గరా, పిక్క మీదా, మోకాలి మీదా? వానాకాలంలో నాగావళి ఒడ్డు ఊళ్లలో బురద మ్యాచ్‌లు చూడండి, మంచి ఉద్దేశంతో కాలు చాచినవాడు కూడా రెండు గజాలు అదనంగా జారతాడు. జారడం అతని తప్పు కాకపోవచ్చు. అలాంటి నేల మీద అంత వేగంతో కాలు చాచడం మాత్రం అతని తప్పే. "బాల్‌కే తగిలింది సార్" అని ప్రతి ఒక్కరూ అంటారు. తగిలే ఉంటుంది కూడా. బంతికి తగిలాక పిక్క మీద దిగిన బూటు సంగతే మీరు తేల్చాల్సింది.

ఆటగాళ్లను నువ్వు అనాలా, మీరు అనాలా?

ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ లేదు. మన దగ్గర మాత్రం మొదటి ప్రశ్న ఇదే కావాలి. నా పద్ధతి చెబుతాను: పదహారేళ్లు దాటినట్టు కనిపించిన ప్రతి ఆటగాణ్ణీ మీరు అనే పిలుస్తాను. మర్యాద ఒక్కటే కాదు కారణం. నేను నువ్వు అంటే అతను కూడా నన్ను నువ్వు అనడానికి తలుపు తీసినట్టే. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. మనవి చిన్న ఊళ్లు. ఏదో ఒక జట్టులో మన వీధి కుర్రాడు ఉండనే ఉంటాడు. అతన్ని "ఒరే చిన్నా" అనీ, ఎదుటి జట్టువాణ్ణి "మీరు" అనీ పిలిచారనుకోండి, ఎదుటి జట్టు ఆ క్షణానే లెక్క వేసేసుకుంటుంది. ఆ తర్వాత మీరు ఎంత న్యాయంగా విజిల్ ఊదినా ఆ లెక్క మారదు.

పేరు తెలిసినా నంబరుతోనే పిలవండి. మొదట్లో నేను "ఆరో నంబరు గారూ" అంటే రెండు జట్లూ కలిసి నవ్వాయి. నవ్వినా ఫర్వాలేదు, నవ్వుతున్నవాడు తన్నడు. పన్నెండేళ్ల పిల్లల మ్యాచ్‌లో మాత్రం నువ్వు అనడమే సహజం. వాణ్ణి మీరు అంటే వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూస్తాడు.

నన్ను "ఒరే" అన్నాడు. ఎర్ర కార్డు ఇవ్వాలా?

పుస్తకం ఇక్కడ రెండు గదులు కట్టి ఇచ్చింది. మాటతో గానీ చేష్టతో గానీ రెఫరీ నిర్ణయాన్ని ధిక్కరిస్తే పసుపు. అసభ్యంగా, అవమానకరంగా మాట్లాడినా, సైగ చేసినా ఎర్ర కార్డు. మన తెలుగు మాటలను ఏ గదిలో పెట్టాలో మనమే తేల్చుకోవాలి.

"పాస్ ఇవ్వరా", "వెనక చూడరా" అని ఆటగాళ్లు తమలో తాము రోజంతా అనుకుంటారు, దానితో మనకు పని లేదు. "అదేం ఫౌల్ సార్!" అని పరుగెత్తుతూనే అరిచినవాడి మాట ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయండి. అదే మాటను మీ వెంట ముప్పై గజాలు నడుస్తూ మూడుసార్లు అంటే పసుపు. చేతులు గాల్లోకి విసిరి, జనం వైపు తిరిగి "చూశారా ఈయన న్యాయం" అన్నవాడు నోటితో తిట్టకపోయినా పసుపే, ఎందుకంటే అతను మాట్లాడుతున్నది మీతో కాదు, రెండు వందల మందితో. కోపంలో నోరు జారి "అది ఫౌలా రా?" అన్నవాడికి నేను పసుపు ఇచ్చి ఊరుకుంటాను. తల్లిని తీసుకొచ్చినా, కులం పేరు ఎత్తినా, "బయటికి రా, చూస్తాను" అని బెదిరించినా ఎర్ర కార్డు. అక్కడ రెండో ఆలోచన లేదు, కెప్టెన్ బతిమాలినా లేదు. కులం మాట రెఫరీని కాక ఎదుటి ఆటగాణ్ణి అన్నా అంతే.

బంతి గోల్ పోస్టుకు తగిలి బయటికి పోయినప్పుడు తనను తాను తిట్టుకున్నవాడి సంగతి వేరు. దగ్గరికి వెళ్లి "నోరు, నోరు" అంటే చాలు, అతనే సిగ్గుపడతాడు.

అసలు ఈ కార్డులు ఎందుకు? నోటితో చెబితే చాలదా?

ఒకప్పుడు నోటితోనే చెప్పేవారు. 1966 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో జర్మన్ రెఫరీ రుడాల్ఫ్ క్రైట్లైన్ అర్జెంటీనా కెప్టెన్ రట్టీన్‌ను బయటికి పొమ్మన్నాడు. ఈయన భాష ఆయనకు రాదు, ఆయన భాష ఈయనకు రాదు. రట్టీన్ నిమిషాల తరబడి కదల్లేదు. అప్పట్లో రెఫరీల బాధ్యత చూస్తున్న ఇంగ్లండ్ మాజీ రెఫరీ కెన్ ఆస్టన్‌కు ఆ తర్వాత లండన్ రోడ్ల మీద ట్రాఫిక్ దీపాలు చూస్తుంటే పసుపు, ఎరుపు ఆలోచన తట్టింది. 1970లో మెక్సికో ప్రపంచకప్‌తో కార్డులు వచ్చాయి. ఇచ్ఛాపురం వైపు టోర్నమెంట్లకు బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి జట్లు వచ్చినప్పుడు నాకు ఆస్టన్ గుర్తుకొస్తాడు. నా ఒడియా "నీళ్లు", "అన్నం" దగ్గరే ఆగిపోయింది. కార్డుకు అనువాదం అక్కర్లేదు.

మొదటి పది నిమిషాల్లో కార్డు తీస్తే మ్యాచ్ పాడవుతుందంటారు. నిజమా?

గట్టు మీద కూర్చున్న పెద్దలు చెప్పే మాట ఇది. "ఇప్పుడే తీస్తే చివరికి ఎన్ని తీయాలి?" అంటారు. రెండో నిమిషంలో దుడుకుగా దూకినవాడి బూటు డెబ్బయ్యో నిమిషంలో దూకినవాడి బూటు కంటే మెత్తగా ఉండదు. అది కార్డు అయితే కార్డే. మీరు వదిలేశారని దెబ్బ తిన్న జట్టు గుర్తుపెట్టుకుంటుంది, వాళ్ల బదులు వాళ్లు తీర్చుకుంటారు.

అలాగని కార్డుల సంఖ్య పెరిగినంత మాత్రాన మ్యాచ్ చేతిలో ఉన్నట్టూ కాదు. 2006 ప్రపంచకప్‌లో పోర్చుగల్, నెదర్లాండ్స్ ఆడిన మ్యాచ్‌లో రెఫరీ 16 పసుపు, 4 ఎర్ర కార్డులు చూపించాడు. ఆట అదుపులోకి వచ్చిందని ఎవరూ అనలేదు.

కార్డుకు ముందు మన దగ్గర చాలా సరుకు ఉంది. మొదటిది విజిల్. బంతి లైను దాటితే చిన్నగా ఊదండి, మామూలు ఫౌల్‌కు కాస్త గట్టిగా, చెడ్డ ఫౌల్‌కు ఊపిరంతా పెట్టి ఊదండి. అన్నింటికీ ఒకేలా ఊదితే ఆటగాడికి తేడా ఎలా తెలుస్తుంది? రెండోది కళ్లు. ఫౌల్ చేసినవాణ్ణి, ఏమీ అనకుండా, రెండు సెకన్లు చూడండి. మూడోది నడక. అతని దగ్గరికి పరుగెత్తకుండా నడిచి వెళ్లి ఇద్దరికే వినిపించేలా ఒక ముక్క చెప్పండి. తర్వాతి మెట్టు అందరికీ కనిపించే హెచ్చరిక: ఆట ఆపి, అతన్ని పిలిచి, "ఇదే ఆఖరు" అని చేత్తో చూపించడం. ఈ మెట్లన్నీ ఎక్కాకే కార్డు ఇవ్వాలని మాత్రం అనుకోకండి. కొన్ని తప్పులు నేరుగా పై మెట్టు మీదే దిగుతాయి.

మళ్లీ మళ్లీ చిన్న ఫౌళ్లు చేసేవాడికి కూడా పసుపు ఇవ్వవచ్చు. ఎన్నోదానికి ఇవ్వాలో పుస్తకం అంకె చెప్పదు. నేనైతే ఫౌల్ జరిగిన చోట్లను వేలితో చూపిస్తాను: అక్కడ, అక్కడ, ఇప్పుడు ఇక్కడ. గట్టు మీది జనానికి కూడా అర్థమవుతుంది.

కార్డు ఎలా చూపించాలి?

మొదటి ఏడాది నేను చేసిన పని చెబుతాను, అలా చేయకండి. సైడ్ లైన్ దగ్గర ఒక కుర్రాడు ఎదుటివాడి చొక్కా లాగి, ఇద్దరూ పడ్డారు. నేను అటు చివర నుంచి పరుగెత్తుకొచ్చి, ఆ ఊపులోనే, ఇంకా నేల మీదే ఉన్న ఆ కుర్రాడి ముఖానికి జానెడు దూరంలో పసుపు కార్డు పెట్టాను. వాడి అన్న కూడా అదే జట్టు. నా చెయ్యి పక్కకు తోసేశాడు. ఇప్పుడు అన్నకు ఎర్ర కార్డు ఇవ్వాలి. ఇచ్చాను. నిబంధన ప్రకారం తప్పు అతనిదే, కానీ ఆ నిప్పు రాజేసింది నేనే అని ఆ రాత్రి అన్నం ముందు కూర్చున్నాక తెలిసింది.

ఇప్పుడు నా వరస ఇది. గట్టిగా విజిల్. ఫ్రీ కిక్ చోటు చూపించడం. తప్పు చేసినవాణ్ణి లేవనివ్వడం. గుంపులోంచి నాలుగు అడుగులు బయటికి పిలవడం, అతను రాకపోతే నేనే పక్కకు నడిచి అతను వచ్చేదాకా ఆగడం. చెయ్యి చాచినా తగలనంత దూరంలో నిలబడటం. ఒకే ఒక వాక్యం: "వెనక నుంచి కాలు పెట్టారు, పసుపు." నంబరూ నిమిషమూ రాసుకుని, అప్పుడు కార్డు నెత్తి మీదుగా నిటారుగా ఎత్తడం. ఎదుటి జట్టు ఉడికిపోతుంటే మాత్రం ముందు కార్డు చూపించి తర్వాత రాసుకుంటాను. కార్డు కనపడితే వాళ్లు కొంత చల్లబడతారు. నవ్వకూడదు, కోపం చూపించకూడదు. రైలు టికెట్ మీద నంబరు చూసే టీటీఈ ముఖం ఎలా ఉంటుందో అలా ఉండాలి.

పసుపు చొక్కా జేబులో, ఎరుపు నిక్కరు వెనక జేబులో పెట్టుకోండి. రెండూ ఒకే జేబులో ఉంటే ఏదో ఒక రోజు తప్పుడు రంగు బయటికొస్తుంది. రాసుకోవడానికి పెన్ను కాదు, పెన్సిలు. మన సముద్రపు గాలికి ఇరవై నిమిషాల్లో చొక్కా తడిసి ముద్దవుతుంది. ఇంకు అలుక్కుపోయిన స్కోరు కాగితం మీద 3, 8 ఒకేలా కనిపిస్తాయి.

ఒకే ఆటగాడికి రెండో పసుపు అని మరిచిపోతే?

మహామహులే మరిచిపోయారు. 2006 ప్రపంచకప్‌లోనే క్రొయేషియా, ఆస్ట్రేలియా మ్యాచ్‌లో ఇంగ్లిష్ రెఫరీ గ్రాహమ్ పోల్ క్రొయేషియా 3వ నంబరు సిమునిచ్‌కు మూడు పసుపు కార్డులు చూపించాకే బయటికి పంపాడు. ఒక కార్డును ఆస్ట్రేలియా 3వ నంబరు కింద రాసుకోవడమే దానికి కారణం. పక్కన సహాయకులు ఉండి కూడా ఇలా జరిగింది.

మన కష్టం ఇంకో రకం. మనవాళ్ల చొక్కాల మీద నంబర్లు అంటించినవి. రెండు ఉతుకులకు ఊడిపోతాయి. ఒక టోర్నమెంటులో 18వ నంబరు వీపు మీద ఒకటి ఊడిపోయి 8 మిగిలింది. జట్టులో అసలైన 8 మరొకడున్నాడు. ఆ పూట నేను పసుపు ఇచ్చింది ఒకరికి, రాసుకున్నది ఇంకొకరి పేరున. హాఫ్ టైములో స్కోరరు చూసి చెప్పబట్టి సరిపోయింది. అప్పటి నుంచి మ్యాచ్‌కు ముందు కడియాలు, ఉంగరాలు, బూట్ల అడుగు చూసేటప్పుడే వీపులు కూడా చూస్తాను. అంకె ఊడిన చోట తెల్ల ప్లాస్టరుతో గీత పెట్టిస్తాను. కార్డు రాసేటప్పుడు ముందు జట్టు రంగు, తర్వాత నంబరు, తర్వాత నిమిషం. ప్రతి పసుపుకూ జేబులోంచి కార్డు తీసేముందు కాగితం ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. రెండోది అయితే ముందు పసుపు, వెంటనే ఎరుపు చూపించాలి.

ఫౌల్ జరిగినా, దెబ్బ తిన్న జట్టుకు మేలని ఆట ఆపకుండా అడ్వాంటేజ్ ఇచ్చాను. ఇక కార్డు పోయినట్టేనా?

పోలేదు. బంతి ఆట నుంచి బయటికి వెళ్లగానే వెనక్కి వచ్చి ఇవ్వవచ్చు. అందుకే అడ్వాంటేజ్ సైగతో పాటు నంబరు కూడా గట్టిగా అంటాను: "ఆడండి! నాలుగో నంబరూ, వస్తాను!" లేకపోతే నేను మరిచిపోతాను, అతనూ మరిచిపోయినట్టు నటిస్తాడు. చాలా ప్రమాదకరమైన టాకిల్‌కు, కొట్లాటకు, రెండో పసుపుకు అడ్వాంటేజ్ ఇవ్వకండి, గోల్ ఖాయంగా కనిపిస్తే తప్ప. నిజం చెప్పాలంటే మన స్థాయి ఆటలో కాలి మీద దెబ్బ పడినప్పుడు అడ్వాంటేజ్ ఇవ్వడం కంటే విజిల్ ఊదడమే మేలు. రాత ఎలా ఉన్నా, దెబ్బ తిన్నవాడు బంతి వెంట కాదు, కొట్టినవాడి వెంట పరుగెత్తుతాడు.

గోల్ వైపు ఒంటరిగా దూసుకుపోతున్నవాణ్ణి పడేస్తే ఎప్పుడూ ఎర్ర కార్డేనా?

గోల్ ఎంత దూరం, ఆట ఏ దిక్కుగా సాగుతోంది, బంతి అతని అదుపులో ఉందా, అడ్డుకోగల డిఫెండర్లు ఎక్కడ ఎందరు? ఈ నాలుగూ చూసి స్పష్టమైన గోల్ అవకాశం పోయిందనుకుంటే ఎరుపు. పెనాల్టీ ఏరియాలో, బంతి కోసం నిజంగా ప్రయత్నిస్తూ ఫౌల్ చేసి పెనాల్టీ ఇచ్చుకుంటే మాత్రం పసుపు. ఈ మార్పు 2016లో వచ్చింది. చొక్కా పట్టి లాగినా, తోసినా ఈ రాయితీ లేదు. గట్టు మీద సగం మందికి ఈ తేడా తెలియదు, కాబట్టి పసుపు తీసిన ప్రతిసారీ అరుపులు ఖాయం. వాళ్లకు పాఠం చెప్పడానికి ఆగకండి.

కెప్టెన్‌తో, కోచ్‌తో ఎలా ఉండాలి?

కెప్టెన్‌కు ప్రత్యేక హక్కులేమీ లేవు, జట్టు ప్రవర్తనకు కొంత బాధ్యత మాత్రం ఉంది. ఆ బాధ్యతను వాడుకోవడం తెలిసిన రెఫరీకి సగం పని తగ్గుతుంది. టాస్ వేసేటప్పుడే చెప్పండి: "ఏదైనా అడగాలంటే మీరొక్కరే రండి, మిగతావాళ్లను దూరంగా ఉంచండి." 2025-26 నిబంధనల పుస్తకంలో ఈ పద్ధతికి మార్గదర్శకాలు కూడా చేర్చారు. ఒక కుర్రాడు ఉడికిపోతుంటే కెప్టెన్‌ను పిలిచి "మీ ఏడో నంబరు పది నిమిషాల్లో బయటికి పోయేలా ఉన్నాడు, చూసుకోండి" అంటే, చాలాసార్లు వాళ్లే అతన్ని మార్చేస్తారు.

బెంచి మీదివాళ్లకు కూడా 2019 నుంచి కార్డులున్నాయి. ఎవరు తిట్టారో తెలియకపోతే అక్కడున్న ప్రధాన కోచ్‌కే కార్డు పడుతుంది. ఈ ముక్క మ్యాచ్‌కు ముందే నవ్వుతూ చెబితే కోచే తన బెంచిని కాపలా కాస్తాడు. కష్టమల్లా, మన దగ్గర ఆ కోచ్ చాలాసార్లు మనకు బళ్లో ఆట నేర్పిన మాస్టారే అవుతాడు. "మాస్టారూ, మీరు ఇక్కడ నాకు కోచ్ మాత్రమే" అని నేను ఒకసారి అనాల్సి వచ్చింది. గొంతు వణికింది, ఒప్పుకుంటాను.

లైన్స్‌మన్‌లు లేరు, నేనొక్కణ్ణే. వీపు వెనక కొట్టుకుంటే?

చూడనిది ఇవ్వకూడదు. అరుపు వినిపించి తిరిగేసరికి ఒకడు ముఖం పట్టుకుని దొర్లుతుంటే, ఎంత అనుమానం ఉన్నా ఊహించి ఎర్ర కార్డు తీయకండి. 2006 ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్ కెప్టెన్ జిదాన్ ఎదుటి ఆటగాణ్ణి తలతో కుమ్మింది ప్రధాన రెఫరీ చూడలేదు. సైడ్ లైన్ దగ్గరుండే నాలుగో అధికారి చెప్పాకే కార్డు వచ్చింది. మనకు నాలుగో అధికారి కాదు, రెండో అధికారే ఉండడు. జట్లు ఇచ్చే కుర్రాళ్లు జెండా పట్టుకున్నా బంతి బయటికి పోయిందా లేదా అన్నంతవరకే వాళ్లను అడగండి.

చేయగలిగింది ఒకటుంది. బంతి దూరంగా వెళ్లిపోయాక కూడా, ఇందాక గొడవపడిన జంట మీద ఒక కన్ను వేసి ఉంచండి. కార్నర్‌కు ముందు, గోల్‌కీపర్ బంతి తన్నేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. మీరు తిరిగి చూస్తారని తెలిస్తే చేతులు వాటంతట అవే కిందికి దిగుతాయి.

రెండు జట్లూ గుంపుగా ఒకరి మీద ఒకరు పడితే?

మధ్యలోకి వెళ్లకండి. ఎవరినీ పట్టుకోకండి, లాగకండి. ముందు వరసగా గట్టిగా విజిల్ ఊది, తర్వాత పది అడుగులు వెనక్కి జరిగి, అందరూ కనిపించే చోట నిలబడి చూడండి. ఎవరు మొదలుపెట్టారు? ముప్పై గజాల దూరం నుంచి పరుగెత్తుకొచ్చి చేరింది ఎవరు? చెయ్యి ఎత్తింది ఎవరు? మూడు నంబర్లు గుర్తుంటే చాలు, పదిహేను మందినీ శిక్షించలేరు. చల్లబడ్డాక ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి, నంబర్లు చెప్పి, కార్డులు చూపించండి. ఒక జట్టులో ఏడుగురి కంటే తక్కువ మిగిలితే ఆట సాగకూడదు.

జనం లోపలికి వస్తే అది వేరే సంగతి. మన దగ్గర సున్నం గీత తప్ప కంచె ఉండదు. సిరిమాను చూడటానికి వచ్చినట్టు అందరూ గీత మీదికి జరుగుతారు. ఆట ఆపండి, నిర్వాహకులను పిలవండి, గీతకు అవతలికి పంపేదాకా మొదలుపెట్టకండి. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మ్యాచ్ రద్దు చేసే అధికారం మీకుంది. ఎవరు గెలిచినట్టు అన్నది మీరు చెప్పాల్సిన పని లేదు, అది నిర్వాహకులది. అడిగినవాళ్లందరికీ అదే జవాబు చెప్పి, బండి తాళం చేతిలో పట్టుకోండి.

ముఖ్య అతిథి "ఈసారికి వదిలేయండి" అంటే?

అంటారు. మైకులోనే అన్నవారు కూడా ఉన్నారు. చేతులు జోడించి "అలాగే చూద్దామండీ" అని, ఆ ఆటగాణ్ణి బయటికి పంపించేయండి. మ్యాచ్ మధ్యలో వాదన పెట్టుకోకండి. పంపిన ఆటగాడి బదులు మరొకరిని దించుతామని బేరం పెడతారు, దానికీ వీల్లేదు.

బంధువులు ఆడుతుంటే ముందే నిర్వాహకులకు చెప్పి తప్పుకోండి. తప్పుకోవడం కుదరకపోతే రెండు జట్ల కెప్టెన్లకూ చెప్పి దిగండి. బొబ్బిలి జట్టుకూ విజయనగరం జట్టుకూ మ్యాచ్ పడితే మాత్రం ఎవరూ తటస్థులు కారు. గట్టు మీద ఎవరో ఒకరు 1757 నాటి బొబ్బిలి యుద్ధం ఎత్తకుండా హాఫ్ టైము రాదు.

ఎండాకాలంలోనే గొడవలు ఎక్కువ. ఏమైనా చేయగలమా?

చేయగలం. పోటీ నిబంధనల్లో నీళ్ల విరామం పెట్టించండి. నీళ్లు తాగడానికి ఒక నిమిషం దాకా, ఒంటి వేడి తగ్గించుకోవడానికైతే ఒకటిన్నర నుంచి మూడు నిమిషాల దాకా ఆట ఆపవచ్చు. మే నెలలో మూడు గంటలకు మ్యాచ్ పెట్టి కుర్రాళ్లకు కోపం ఎక్కువ అనడం న్యాయం కాదు.

నేను అమ్మాయిల బడిలో పీఈటీని. మగవాళ్ల మ్యాచ్‌లో నా మాట వింటారా?

మొదటి పది నిమిషాలు పరీక్ష పెడతారు. మగ రెఫరీకీ పెడతారు, మీకు కాస్త గట్టిగా పెడతారు. 2022 ప్రపంచకప్‌లో జర్మనీ, కోస్టారికా మ్యాచ్‌కు స్టెఫానీ ఫ్రాపార్ రెఫరీగా ఉన్నారు. పురుషుల ప్రపంచకప్‌లో ఒక మహిళ ప్రధాన రెఫరీ కావడం అదే మొదలు. "మేడమ్, మీకు ఆట తెలుసా" అన్నవాడికి జవాబు చెప్పకండి. తర్వాతి ఆఫ్‌సైడ్ సరిగ్గా ఇవ్వండి. అదే మాట రెండోసారి అంటే పసుపు, వెటకారం కూడా ధిక్కారమే.

నాదే తప్పని తెలిసిపోయింది. ఒప్పుకోవచ్చా?

ఆట మళ్లీ మొదలుకాకపోతే నిర్ణయం మార్చుకోవచ్చు, మార్చుకోండి. మొదలైపోతే మార్చలేరు. అప్పుడు కెప్టెన్‌తో "నాకు కనిపించలేదు, మీరన్నది నిజమే కావచ్చు" అనండి. ఒకసారి అంటే గౌరవం పెరుగుతుంది, నాలుగుసార్లు అంటే పోతుంది. ఆ తప్పును సరిదిద్దడానికి అవతలి జట్టు మీద లేని ఫౌల్ మాత్రం ఇవ్వకండి. కొత్తవాళ్లందరూ చేసేది అదే, నేనూ చేశాను. అప్పటిదాకా ఒక జట్టుకే ఉన్న కోపం రెండు జట్లకూ వచ్చింది.

రిపోర్టులో బూతులు కూడా రాయాలా?

రాయాలి, అన్నది అన్నట్టుగా. "అసభ్యంగా దూషించాడు" అని రాస్తే విచారణలో ఆ ఆటగాడు "నేను అన్నది 'అయ్యో' అని మాత్రమే" అంటాడు. మర్యాద కోసం చుక్కలు పెట్టకండి. నిమిషం, నంబరు, స్కోరు, మీరెంత దూరంలో ఉన్నారు, ఏం చూశారు, ఏం విన్నారు. "కావాలనే చేశాడు", "ముందు నుంచీ పొగరుగా ఉన్నాడు" లాంటివి వద్దు. అతని మనసులో ఏముందో మీరు చూడలేదు, అతని మోచెయ్యి చూశారు. అదే రోజు రాత్రి రాసేయండి, సోమవారానికి జ్ఞాపకం మారిపోతుంది. మా ఇంట్లో నా రిపోర్టులు ఒకసారి మా ఆవిడ కంటపడ్డాయి. ఆదివారాలు నేను ఎక్కడికి వెళ్తున్నానో మళ్లీ మొదటి నుంచి వివరించాల్సి వచ్చింది.

మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లతో టీ తాగవచ్చా?

రెండు జట్లవాళ్లూ ఉంటే తాగండి, ఒక జట్టే ఉంటే ఇంటికి వెళ్లండి. కిందటి సంక్రాంతి టోర్నమెంటులో నేను ఎర్ర కార్డు ఇచ్చిన గోల్‌కీపర్ మర్నాడు పొద్దున రైతు బజారులో ఎదురయ్యాడు. వంకాయలు ఏరుతున్నాడు. ఇద్దరం ఒకే తట్ట ముందు నిలబడ్డాం. "అది ఏరియా లోపలే సార్" అన్నాడు. "బయటే" అన్నాను. పుచ్చు లేనివి రెండు ఏరి నా సంచిలో వేసి వెళ్లిపోయాడు.